బహ్రెయిన్‌లో పని గాయాల పరిహారం

పనిచేస్తూ గాయపడిన మనిషికి ఆగిపోయిన జీతాన్ని, అవయవం దెబ్బతింటే తగ్గిపోయిన సంపాదనను, ప్రాణమే పోతే కుటుంబానికి రావలసిన సొమ్మును ఇప్పించే ఏర్పాట్లు బహ్రెయిన్‌లో సుమారు వందేళ్లలో రూపుదిద్దుకున్నాయి. ముత్యాల వేట సాగిన రోజుల్లో నష్టమంతా కూలివాడి ఇంటిమీదే పడేది. చమురు కంపెనీ వచ్చాక కొంత భారం యజమాని మీదికి మళ్లింది. 1976 నుంచి ఆ బాధ్యత ప్రధానంగా సామాజిక బీమా నిధిది. మూడు లక్షలకు పైగా భారతీయులు ఉంటున్న ఈ చిన్న ద్వీప దేశానికి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల నుంచి, కడప, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. చట్టం కాగితం మీద విదేశీ కార్మికుడినీ కాపాడుతుంది. అయితే ఆ రక్షణ అతని పేరు, జీతం సర్కారు రికార్డులో ఎలా నమోదయ్యాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఈ చరిత్రలో మొదటి నుంచీ కనబడే కీలకం అదే.

ముత్యాల పడవ మీద

చమురు దొరకక ముందు బహ్రెయిన్ బతుకంతా ముత్యాలదే. వేసవి నెలల్లో పడవలు సముద్రం మీదికి పోయేవి. కాలికి రాయి కట్టుకుని, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని అడుగుకు దిగేవాడు ఘైస్. పైనుంచి తాడు లాగేవాడు సైబ్. పడవ యజమాని లేదా సారథి నఖోదా. నెల జీతమన్న మాటే లేదు. అమ్మిన ముత్యాల మీద వాటా వచ్చేది. సీజనుకు ముందు ఇంటి ఖర్చులకు నఖోదా బయానా ఇచ్చేవాడు, చలికాలంలో మరికొంత అప్పు ఇచ్చేవాడు. చెవి పొర చిరిగినా, కంటిచూపు దెబ్బతిన్నా ఆ ఏడాది మునక లేదు. మునక లేకపోతే వాటా లేదు, అప్పు మాత్రం పద్దులో ఉండేది. మునిగేవాడు చనిపోతే ఆ బాకీ కొడుకు మీదికి వచ్చేది. తండ్రి అప్పు తీర్చడానికి కొడుకు అదే పడవ ఎక్కేవాడు.

1923లో పాలన చేపట్టిన షేక్ హమద్ బిన్ ఈసా కాలంలో, బ్రిటిష్ రాజకీయ ఏజెంట్ క్లైవ్ డేలీ ఒత్తిడితో, ముత్యాల వ్యాపారంలో సంస్కరణలు వచ్చాయి. మునిగేవాడికి సొంతంగా ఒక లెక్కల పుస్తకం ఉండాలన్నారు. అప్పు వారసుల మెడకు చుట్టే ఆచారాన్ని రద్దుచేశారు. గాయానికి ఎవరూ పైసా ఇవ్వలేదు నిజమే. అయినా బహ్రెయిన్‌లో పరిహార చరిత్ర ఇక్కడే మొదలైందనడం న్యాయం. తండ్రికి జరిగిన నష్టాన్ని బిడ్డ నుంచి వసూలు చేయకూడదని మొదటిసారి అధికారికంగా చెప్పింది ఈ సంస్కరణే. కూలివాడి చేతిలో అతని లెక్క ఉండాలన్న నియమం కూడా అప్పటిదే. ఈనాటి బీమా రికార్డు ఆ పుస్తకానికి వారసురాలు.

చమురు, రూపాయి జీతం

1932లో జబల్ అద్ దుఖాన్ కొండ దగ్గర చమురు పడింది. గల్ఫ్‌కు అరేబియా వైపున మొదటి చమురు బావి అది. 1936కల్లా శుద్ధి కర్మాగారం నడవసాగింది. బహ్రెయిన్ పెట్రోలియం కంపెనీ, అంటే బాప్కో, గుమస్తాలను, మెకానిక్కులను భారతదేశం నుంచి పెద్దఎత్తున తెచ్చుకుంది. అప్పట్లో అక్కడ చెల్లే డబ్బు కూడా భారత రూపాయే. తర్వాత గల్ఫ్ రూపాయి వచ్చింది. 1965లో దినార్ వచ్చినప్పుడు పది రూపాయలకు ఒక దినార్ చొప్పున మార్చారు.

బాయిలర్లు, పైపులు, డ్రిల్లింగ్ యంత్రాలు వచ్చాక గాయం తీరు మారింది. చేతులు నలగడం, కాలిన గాయాలు, ఎత్తు మీంచి పడటం రోజువారీ భయాలయ్యాయి. అప్పటికి ప్రపంచంలో చాలాచోట్ల తప్పు ఎవరిదని తేల్చకుండానే పని గాయానికి డబ్బు ఇచ్చే పద్ధతి స్థిరపడింది. జర్మనీ 1884లోను, బ్రిటన్ 1897లోను ఇలాంటి చట్టాలు చేశాయి. భారతదేశంలో 1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టం 1924 జూలై 1 నుంచి అమలైంది. బహ్రెయిన్‌లో పరిస్థితి చిక్కుగా ఉండేది. 1913లో జారీ చేసి 1919లో అమలు పెట్టిన బ్రిటిష్ ఉత్తర్వు ప్రకారం భారతీయులు, ఇతర విదేశీయులు రాజకీయ ఏజెంట్ కోర్టు కిందికి వచ్చేవారు. స్థానికులు షేక్ కోర్టు కిందికి వచ్చేవారు. ఒకే వర్క్‌షాపులో పక్కపక్కన పనిచేసే ఇద్దరికి వేర్వేరు న్యాయస్థానాలన్నమాట.

1954లో ఒక విశేషం జరిగింది. వాహన బీమా తప్పనిసరి చేయడంతో ప్రీమియం భారం మోయలేక టాక్సీ, బస్సు డ్రైవర్లు సమ్మెకు దిగారు. అబ్దుల్ రహమాన్ అల్ బాకిర్ అనే ప్రజానాయకుడు బయటి కంపెనీల దగ్గరికి పోకుండా డ్రైవర్లే తలా కొంత వేసుకుని ప్రమాదాల నష్టం భరించుకునేలా సహకార పరిహార నిధి పెట్టించాడు. డ్రైవర్లు దాన్ని నమ్మి చేరారు. ఆ ఐక్యతే కొద్ది నెలల్లో పెద్ద రాజకీయ ఉద్యమానికి బలమైంది. 1956 చివర బ్రిటిష్‌వాళ్లు ఆయన్ను, మరో ఇద్దరు నాయకులను సెయింట్ హెలెనా ద్వీపానికి పంపి బంధించారు. 1961 దాకా విడుదల కాలేదు. బహ్రెయిన్ కార్మికులు తమ నష్టానికి తామే నిధి కట్టుకున్న ఆ ప్రయత్నానికి పుస్తకాల్లో దక్కాల్సినంత చోటు దక్కలేదని చెప్పాలి.

ఆ ఉద్యమపు వేడిలోనే కార్మిక చట్టం రాయడానికి ప్రభుత్వం, యజమానులు, కార్మికుల ప్రతినిధులతో కమిటీ కూర్చుంది. దాని ఫలితంగా వచ్చిన 1957 కార్మిక ఆర్డినెన్స్ 1958 జనవరి నుంచి అమలైంది. పనిలో గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలన్న సూత్రం దానితో దేశ చట్టంలో చేరింది.

1976 మలుపు

1971 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది అల్బా అల్యూమినియం కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. 1977లో ఓడల మరమ్మతు రేవు వచ్చింది. ఇలాంటి చోట్ల ఒక పెద్ద ప్రమాదానికి చిన్న కాంట్రాక్టర్ దివాలా తీస్తే కార్మికుడు ఎవరిని అడగాలి? దీనికి జవాబుగా 1976లో వరుసగా రెండు చట్టాలు వచ్చాయి: 23వ నంబరు కార్మిక చట్టం, 24వ నంబరు సామాజిక బీమా చట్టం. రెండోదాని ప్రకారం యజమాని ప్రతి కార్మికుడి జీతం మీద 3 శాతం పని గాయాల బీమాకు కట్టాలి. కార్మికుడి జేబు నుంచి దీనికి ఒక్క ఫిల్స్ కూడా పట్టుకోకూడదు. గాయం జరిగితే చెల్లింపు నిధి నుంచి వస్తుంది. యజమాని దివాలా తీసినా నిధి ఉంటుంది.

పెద్ద సంస్థలతో మొదలుపెట్టి క్రమంగా చిన్నవాటికి విస్తరించారు. పదిమంది లోపు పనివాళ్లున్న సంస్థలు 2005లో గానీ లోపలికి రాలేదు. చిన్న గ్యారేజీలు, వడ్రంగి షాపులు, మేస్త్రీల గుంపుల్లో పనిచేసే మనవాళ్లకు ఈ ఆలస్యం దాదాపు మూడు దశాబ్దాల నష్టం. ఆ కాలమంతా వాళ్లు నేరుగా యజమాని మీదే ఆధారపడాల్సి వచ్చింది.

ఇంకొకటి జరిగింది. మొదట్లో విదేశీయులు కూడా సామాజిక బీమాలోని పింఛను విభాగంలో ఉండేవారు. 1977లో వాళ్లను అందులోంచి తప్పించారు. పని గాయాల విభాగం మాత్రం వాళ్లకు మిగిలింది. 2006లో చేసిన నిరుద్యోగ బీమా చట్టంతో విదేశీ కార్మికుడి జీతం నుంచి కూడా 1 శాతం కోత మొదలైంది. 2008లో పాత సంస్థలను కలిపి సామాజిక బీమా సంస్థగా మార్చారు. 2024 మార్చి నుంచి విదేశీయుల సర్వీసు ముగింపు సొమ్మును కూడా యజమాని నెలనెలా ఈ సంస్థకే కడుతున్నాడు: మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, ఆపైన 8.4 శాతం.

లెక్క ఎలా నడుస్తుంది

పనిచోట గాని, పని కారణంగా గాని జరిగిన ప్రమాదం, చట్టం జాబితాలో ఉన్న వృత్తి రోగం పని గాయం కిందికి వస్తాయి. క్యాంపు నుంచి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు దారి తప్పకుండా వచ్చిపోయేటప్పుడు జరిగిన ప్రమాదమూ అంతే. లారీల వెనక మనుషుల్ని ఎక్కించుకుపోయే పద్ధతిని 2009లో నిషేధించక ముందు ఈ దారి ప్రమాదాలు చాలా ఇళ్లను ముంచాయి.

దీన్ని మామూలు జబ్బు సెలవుతో పోల్చి చూస్తే తేడా బోధపడుతుంది. 2012లో వచ్చిన 36వ నంబరు కార్మిక చట్టం ప్రకారం మూడు నెలల సర్వీసు నిండినవాడికి ఏడాదికి 15 రోజులు పూర్తి జీతంతో, 20 రోజులు సగం జీతంతో, 20 రోజులు జీతం లేకుండా జబ్బు సెలవు ఉంది. నెలకు 120 దినార్లు సంపాదించే షటరింగ్ పనివాడు 55 రోజులు మంచంపట్టాడనుకుందాం. రోజుకు 4 దినార్లు. జబ్బు సెలవుగా రాస్తే అతని చేతికి వచ్చేది 100 దినార్లు. అదే పని గాయంగా నమోదైతే కోలుకునేదాకా లేదా వైకల్యం తేలేదాకా రోజు జీతం పూర్తిగా వస్తుంది, అంటే 220. దెబ్బ అదే, మంచం అదే. ఆసుపత్రి కాగితం మీద ఏమి రాశారన్నదే 120 దినార్ల తేడా, అంటే అతని ఒక నెల జీతం.

అందుకే ప్రమాదం జరిగిన వెంటనే యజమాని పోలీసులకు, బీమా సంస్థకు తెలియజేయాలన్న నిబంధన ప్రాణం లాంటిది. సైటులో పడినవాణ్ని గదిలో జారిపడ్డాడని రాయిస్తే ఆ తర్వాత కథంతా మారిపోతుంది. కోలుకున్నాక వైకల్యం మిగిలితే మెడికల్ కమిషన్ దాని శాతం తేలుస్తుంది. 30 శాతం లోపైతే ఒకేసారి కొంత మొత్తం ఇస్తారు, అంతకు మించితే పింఛను లెక్క.

ఏ లెక్కకైనా మూలం బీమా సంస్థ దగ్గర నమోదైన జీతం. చేతికి వచ్చేది 160 అయినా రికార్డులో 90 రాసి ఉంటే పరిహారం 90 మీదే నడుస్తుంది. ఓవర్‌టైం (ఓటీ) మీద ఇల్లు నడిపేవాడికి ఓటీ పోవడమే సగం సంపాదన పోవడం, బీమా దాన్ని లెక్కలోకి తీసుకోదు.

పని ప్రమాదం కాని దెబ్బలకు దారి వేరు. రోడ్డు మీద కారు గుద్దితే ఆ వాహనానికి తప్పనిసరిగా ఉండాల్సిన థర్డ్ పార్టీ బీమా మీద దావా వేయవచ్చు. 2001 నాటి సివిల్ కోడ్ తప్పు చేసినవాడు జరిగిన నష్టాన్నే కాక రావలసి ఉండి రాకుండా పోయిన ఆదాయాన్నీ భరించాలంటుంది. అక్కడ మాత్రం తప్పు ఎవరిదో రుజువు కావాలి.

రికార్డుకు ఎక్కనివాళ్లు

ఇళ్లలో పనిచేసేవాళ్లు పని గాయాల బీమాలో లేరు. 2012 చట్టం సెలవులు, సర్వీసు ముగింపు సొమ్ము వంటి కొన్ని హక్కులు ఇంటి పనివాళ్లకు ఇచ్చింది గానీ వంటింట్లో మరిగే నూనె ఒంటిమీద పడిన ఆడమనిషికి నెల జీతం నిధి నుంచి వచ్చే దారి పెట్టలేదు. కోనసీమ, కడప నుంచి ఈ పనికి వెళ్లిన మహిళలు ఎంతమందో తలచుకుంటే ఇది మొత్తం ఏర్పాటులో అతి పెద్ద లోటు.

ఆజాద్ వీసా మీద వెళ్లినవాడి చిక్కు మరోటి. కాగితం మీద కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒకడు, పని చేయించుకునేవాడు ఇంకొకడు. పరంజా మీంచి పడితే ఇద్దరూ తమవాడు కాడంటారు. వీసా పోయి ఖల్లివెల్లి అయినవాడైతే ఆసుపత్రికి పోవడానికే జంకుతాడు. 2017లో తెచ్చిన ఫ్లెక్సీ పర్మిట్‌తో కొందరు సొంతంగా పనిచేసుకునే వీలు కలిగింది గానీ, 2022లో దాన్ని తీసేసి మరో నమోదు పద్ధతి పెట్టారు. యజమానే లేనప్పుడు పని గాయాల బీమాకు ఆ 3 శాతం కట్టేది ఎవరన్న ప్రశ్న అప్పుడూ మిగిలింది.

నివాసాల్లో జరిగే ప్రమాదాలదీ ఇదే చిక్కు. 2006 జూలైలో మనామా గుదైబియాలో కార్మికులుండే భవనం కాలి 16 మంది భారతీయులు చనిపోయారు. 2013 జనవరిలో ముఖర్ఖాలో 13 మంది బంగ్లాదేశీయులు అలాగే పోయారు. గదిలో పోయిన ప్రాణాన్ని పని గాయంగా నిలబెట్టడం కష్టం. అలాంటి కుటుంబాలకు చాలావరకు దక్కేది దయ మీద వచ్చిన సాయమే. ఎండదెబ్బ విషయంలో ముందు జాగ్రత్తగా 2007 నుంచి జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పని నిషేధించారు. 2025లో దాన్ని జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పెంచారు.

ఇంటి దగ్గర

మన దేశపు ఉద్యోగుల బీమా (ఈఎస్ఐ) విదేశంలో పనికి వర్తించదు. వలస అనుమతి అవసరమైన (ఈసీఆర్) పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2017 నాటి సవరణతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయలు ఇస్తారు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ఏజెంటు ఇచ్చిన కాగితాల కట్టలో ఈ పాలసీ ఉన్న సంగతే చాలా ఇళ్లకు తెలియదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల సాయం ప్రకటించింది. నడుము విరిగి ప్రాణాలతో తిరిగొచ్చినవాడికి ఆ ఉత్తర్వు వర్తించదు. అతని ఇల్లు పోగొట్టుకున్న ఆదాయం మరణించినవాడి ఇంటికంటే తక్కువేమీ కాదు, పైగా వైద్యం ఖర్చు అదనం. అతనికీ సాయం దక్కాలి.

బహ్రెయిన్‌లో భారత రాయబార కార్యాలయం, 1999 నుంచి పనిచేస్తున్న ఇండియన్ కమ్యూనిటీ రిలీఫ్ ఫండ్, 2005లో ఏర్పడిన వలస కార్మికుల రక్షణ సంఘం ఇలాంటి కేసుల్లో తోడు నిలుస్తాయి. ఊరి నుంచే ఫిర్యాదు చేయడానికి 2015 నుంచి భారత ప్రభుత్వ మదద్ పోర్టల్ ఉంది. వెళ్లబోయేవాళ్లు, వెళ్లినవాళ్లు బీమాలో నమోదైన జీతం ఎంతో దెబ్బ తగలక ముందే కనుక్కోవాలి. ప్రమాదం జరిగితే పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు, సీపీఆర్ (బహ్రెయిన్ గుర్తింపు) కార్డు నకలు ఇంటికి పంపాలి. టికెట్ చేతికిచ్చి లెక్కలు తేలిపోయినట్టు సంతకం పెట్టమంటే, చదివి చెప్పేవాళ్లు లేకుండా పెట్టవద్దు. బహ్రెయిన్ కార్మిక చట్టం కింద ఉద్యోగ ఒప్పందం ముగిసిన ఏడాది లోపే యజమాని మీద దావా వేయాలి. ఆ గడువు దాటితే కేసు చెల్లదు.