పాత కచేరీలకు కొత్త అద్దెదారు ఎవరు?

మన జిల్లా చరిత్ర అనగానే లేపాక్షి, పెనుకొండ, గుత్తి కోట, తాడిపత్రి గుళ్ళు జ్ఞాపకం వస్తాయి. వాటికి పురావస్తు శాఖ వారి బోర్డు ఉన్నది, చూడవచ్చే యాత్రికులు ఉన్నారు. ఈ ప్రత్యేక సంచికకు నేను రాయబూనుకున్నది అంత పేరు లేని కట్టడాల గురించి. మనం ముప్పై ఏళ్ళు కూర్చుని ఫైళ్ళు నడిపిన తాలూకా కచేరీలు, ట్రెజరీలు, సబ్‌జైళ్ళు, ట్రావెలర్స్ బంగళాలు అన్నమాట. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాయే రెండై శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఇలా పరిపాలన మారినప్పుడల్లా కొన్ని కార్యాలయాలు కొత్త భవనాలకు వెళ్ళిపోతాయి. పాత భవనానికి తాళం పడుతుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కొన్నాళ్ళకు ఎవరికీ తెలియదు.

నేను ఎల్.డి.సి.గా చేరిన కచేరీ ఒకటి ఇలాగే ఉన్నది. ఊరి పేరు ఎందుకు లెండి. రెండు మూరల మందాన రాతి గోడలు, గానుగలో ఆడించిన సున్నంతో గచ్చు, టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి వేసిన మద్రాసు టెర్రస్ కప్పు. బయట 42 డిగ్రీలు కాగుతున్నా రికార్డు రూములో చొక్కా తడిసేది కాదు. ఇప్పుడు పిట్టగోడ మీద రావి మొక్క మొలిచి వేళ్ళు గోడలోకి దింపింది. ఎవరో పుణ్యాత్ములు కారుతున్న కప్పు మీద సిమెంటు పూయించారు. సున్నపు కట్టడానికి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడే ఉబ్బుతుందని పాత మేస్త్రీలు చెప్పేవారు. అలాగే ఉబ్బింది. నేను, మరికొందరు మిత్రులు కలిసి పెట్టుకున్న అర్జీకి సదరు కార్యాలయం నుంచి ఇంతవరకు జవాబు లేదు. ఇక మిగిలేది 'శిథిలము, పడగొట్టదగినది' అన్న సర్టిఫికెట్టు ఒక్కటే. ఆ మాట ఎంత సులభంగా రాస్తారో మనకు తెలియనిది కాదు.

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా అమెరికాలో ఉన్న మన పిల్లలు ఒక మాట అంటారు. "అక్కడ ఇలాంటి పాత భవనాల్ని బ్రూపబ్బులు చేస్తారు నాన్నా, ఊరి నడిబొడ్డు మళ్ళీ కళకళలాడుతుంది" అని. బ్రూపబ్ అంటే బీరును అక్కడికక్కడే వండి, అక్కడే పోసి అమ్మే భోజనశాల. పెద్దవాళ్ళం కాబట్టి వెంటనే చెవులు మూసుకోవడం తేలిక. నాకు మాత్రం ఆ సంగతి ఏమిటో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది.

ఇందుకు పేరుపడిన ఉదాహరణ కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్. అక్కడ రైల్వే స్టేషను దగ్గర పాతకాలపు గిడ్డంగుల పేట ఒకటి ఉన్నది. సరుకు రవాణా లారీల పాలయ్యాక ఆ గిడ్డంగులు ఖాళీ పడ్డాయి. 1960, 70 దశకాలలో పట్టణ పునర్నిర్మాణం పేరుతో నగర మధ్యంలో అనేక వీధులను నేలమట్టం చేశారు. డానా క్రాఫర్డ్ అనే మహిళ 1965లో పూనుకుని లారిమర్ వీధిలో ఒక వరుస భవనాలను కూలిపోకుండా కాపాడి, అద్దెలకిచ్చి, పాత గోడ కూడా డబ్బు తెస్తుందని చూపించింది. 1988లో నగర పాలక సంస్థ గిడ్డంగుల పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. అదే సంవత్సరం 1899 నాటి ఒక టోకు వర్తకుల భవనంలో విన్‌కూప్ అనే బ్రూపబ్ తెరిచారు. తెరిచినవారిలో ముఖ్యుడు జాన్ హికెన్‌లూపర్. ఆయన భూగర్భ శాస్త్రజ్ఞుడు. చమురు ధరలు పడిపోయి 1986లో ఉద్యోగం ఊడిన మనిషి. ఉద్యోగం ఊడితే మనిషి ఏం చేయడు! అప్పట్లో ఆ పేటలో అద్దె చదరపు అడుగుకు ఏడాదికి ఒక డాలరని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత ఆయన డెన్వర్ మేయరు, రాష్ట్ర గవర్నరు, 2021 నుంచి సెనేటరు. 1995లో దగ్గరలోనే పెద్ద బేస్‌బాల్ స్టేడియం వచ్చింది. ఆ పేటలో చవక అద్దెలు అంతటితో సరి.

గిడ్డంగి బీరుకు ఎందుకు పనికివచ్చిందో చూడండి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, మరపట్టి సుమారు 65 డిగ్రీల వేడినీళ్ళలో కలుపుతారు. గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీటిని వడగట్టి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి తొట్లలో పులియబెడతారు. వెయ్యి లీటర్ల బీరంటే టన్ను బరువు, తొట్టి బరువు వేరే. బస్తాలు మోయడానికి కట్టిన నేల ఆ బరువు ఆపుతుంది. ఎత్తైన కప్పు కింద తొట్లు నిలబడతాయి. నేలమాళిగ చల్లగా ఉంటుంది. అంటే కట్టడం స్వభావానికి తగిన వ్యాపారం దొరికింది.

ఇందులో చట్టం పాత్ర కూడా ఉన్నది. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం. ఆ తర్వాత కూడా తయారీదారు వేరు, అమ్మకందారు వేరు అన్న పద్ధతి బిగించారు. ఇంట్లో బీరు చేసుకోవచ్చునని 1978లో కేంద్ర చట్టం వచ్చింది. 1982లో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా ఊళ్ళో, పాత నాటకశాల భవనంలో బర్ట్ గ్రాంట్ అనే ఆయన ఈ కాలపు మొదటి బ్రూపబ్ పెట్టాడు. చారిత్రక భవనాన్ని బాగుచేసి వ్యాపారానికి వాడుకుంటే, చేసిన ఖర్చులో 20 శాతం ఆదాయపు పన్నులో తగ్గించే ఏర్పాటు 1986 నుంచి ఉన్నది. మనవాళ్ళు బీరు గ్లాసు చూసి మురిసిపోతారు గానీ, నాకు అసలు కిటుకు ఈ 20 శాతంలో కనబడింది.

ఇక మన సంగతి. 1800లో నిజాం నవాబు దత్తమండలాలను కంపెనీకి ధారాదత్తం చేశాక, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా అనంతపురం ముఖ్య స్థానంగా పనిచేశాడు. రైత్వారీ పద్ధతికి ఇక్కడే గట్టి పునాది పడింది. తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఆయన జ్ఞాపకార్థం గుత్తిలో కట్టించినది ఒక సత్రం, ఒక బావి. పత్తికొండలో ఒక బావి, ఒక తోపు. కరువు సీమలో చనిపోయిన దొరకు మన నేల మీద తగిన గుర్తు నీళ్ళూ నీడా అని ఆ కాలపు వారికి తోచింది.

అదే కచేరీల్లో ఇంకో పని కూడా జరిగేది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం మొదలు సారా దుకాణాల వేలం, ఈత చెట్టుకు పన్ను, గుత్తేదార్ల బకాయి వసూళ్ళు అన్నీ సర్కారు ఖజానాకు బలమైన రాబడి. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధం ఉంచాలా తీయాలా అన్న వివాదంలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి మన నీలం సంజీవరెడ్డిగారే. కల్లుకుండ ఒక ప్రభుత్వాన్ని దించడం మన తరం పెద్దలు కళ్ళారా చూసినది.

నిషేధం పోయింది, వేలాలు మళ్ళీ వచ్చాయి. 1980లలో సారా ప్యాకెట్లు 'వారుణి వాహిని' పేరుతో పల్లెల్లోకి వచ్చాయి. కూలి డబ్బు సాయంత్రానికి ఎటు పోయేదో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. నెల మొదటి తేదీన ఆఫీసు గేటు దగ్గర జీతం కోసం కాచుకుని నిలబడిన నాలుగో తరగతి ఉద్యోగుల ఇల్లాండ్రను కూడా చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు, 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠం చదువుకుని లేచి నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి ఎన్.టి.ఆర్. ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ నిషేధం. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలింది. మన సంఘంలో ఎక్సైజు మిత్రులు ఉన్నారు. సరిహద్దు జిల్లాలో ఆ రెండేళ్ళు ఎలా గడిచాయో వారు రాస్తే ఇంతకంటే మంచి వ్యాసం అవుతుంది.

ఇంత చరిత్ర ఉన్న చోట, ఒకప్పుడు సారా పాట పాడిన హాలులోనే బీరు కాచి అమ్మమంటే నా మనసు ఒప్పుకోదు. బీరు సారా కాదని, దానిలో మత్తు పాలు తక్కువని పిల్లలు అంటారు. నిజమే. హైదరాబాదులో 2015 నుంచి ఇట్టి దుకాణాలకు నిబంధనలు వచ్చాయి. బెంగళూరులో అంతకు నాలుగైదేళ్ళ ముందే మొదలయ్యాయి. బెంగళూరు సంగతి కూడా విచిత్రమే. దక్షిణాదిలో తెల్ల సిపాయిల కోసం బీరు వండిన అయిదు బట్టీలను థామస్ లీష్‌మన్ 1915లో కలిపి యునైటెడ్ బ్రూవరీస్ చేశాడు. ఊరి మధ్యలోని ఆ కంపెనీ పాత స్థలంలో ఇప్పుడున్నది ఖరీదైన అంగళ్ళ సముదాయం. అమెరికాలో గిడ్డంగి బీరుశాల అయితే, ఇక్కడ బీరు బట్టీ అంగడి అయింది.

కాని నా అభ్యంతరం నీతికి సంబంధించినది మాత్రమే కాదు. నీళ్ళు. లీటరు బీరుకు తొట్లు కడగడంతో కలిపి నాలుగు నుంచి ఆరు లీటర్ల నీళ్ళు, చిన్న దుకాణమైతే ఇంకా ఎక్కువే పడతాయి. మన సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వాన నీడలో ఉన్నాం. అనంతపురం పట్టణం తాగేది ఎగువ కాలువ ద్వారా పెన్న అహోబిలం రిజర్వాయరుకు చేరిన తుంగభద్ర నీళ్ళు. ఎండాకాలంలో కుళాయి దగ్గర బిందెల వరుస ఉన్న వీధిలో, గోడకు అవతల తొట్లు కడుగుతుంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? బార్లీ మన పంట కాదు, హాప్స్ కూడా మన పంట కాదు.

అట్లని భవనాన్ని తాళం వేసి పవిత్రంగా ఉంచమనడం కూడా తప్పే. మనిషి తిరగని ఇల్లు కారుతుంది, కూలుతుంది. హైదరాబాదులో కోఠి రెసిడెన్సీ 1949 నుంచి మహిళా కళాశాల కావడం వల్లనే నిలిచి, తర్వాత మరమ్మతుకు నోచుకుంది. ఎన్నో దశాబ్దాలు మూతబడిన ఫలక్‌నుమా ప్యాలెస్ పదేళ్ళ పనుల తర్వాత 2010లో హోటలైంది. 1796 నాటి సంగారెడ్డి జైలు మ్యూజియమై, 2016 నుంచి అయిదు వందల రూపాయలు కట్టినవారికి ఒక రోజు ఖైదు రుచి కూడా చూపించింది. మనలో కొందరం జీతం తీసుకుని ఆఫీసులోనే ఆ రుచి చూశాం!

నాకు తోచినది ఇది. మొదట కప్పు బాగుచేయాలి, అదీ సున్నంతోనే. తర్వాత పదిహేనేళ్ళకు లీజుకివ్వాలి. గోడలు పగలగొట్టరాదు, సిమెంటు పూయరాదు, వసూలైన అద్దె ఆ భవనం మరమ్మతుకే వాడాలి అని షరతులు రాయాలి. మొదటి అయిదేళ్ళు డెన్వర్ వారి ఒక డాలరు లాగా నామమాత్రపు అద్దె చాలు. రాగి సంగటి, కొర్రన్నం, శనగకాయల ఊరిబిండి పెట్టే భోజనశాల ముందు గదుల్లో నడవవచ్చు. రికార్డు రూములో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు బల్లలు వేయవచ్చు. వెనుక వరండాలో మన్రో సత్రం పద్ధతిలో బాటసారికి కుండలో చల్లని నీళ్ళు. లాభం తక్కువే. ప్రైవేటువారు ముందుకు రాకపోతే స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. ఆ హాలులో సారా పాటలను తిరస్కరించే హక్కు గెలుచుకున్నది ఆ వర్గమే కదా.

అయితే దేనికైనా ముందు కాగితం కావాలి. భవనం ఎప్పుడు కట్టారు, ఎంత విస్తీర్ణం, ఏ శాఖ పేరిట ఉంది అన్నది తేలకపోతే కలెక్టరుగారు కూడా ఏమీ చేయలేరు. కాబట్టి సభ్యులకు, వారి కుటుంబాలవారికి మనవి. మీరు పనిచేసిన పాత తాలూకా కచేరీ, సబ్‌జైలు, ట్రెజరీ గోడ మీద సంవత్సరం చెక్కిన రాయి ఉంటే చూసి రాసుకోండి. గ్రూపు ఫోటోల్లో వెనుక భవనం కనబడుతుంటే ఒక కాపీ తీయించండి. ఆర్ అండ్ బి మిత్రులకు పాత కొలతల పుస్తకాల సంగతి జ్ఞాపకం ఉంటే చెప్పండి. అన్నీ సంఘ కార్యాలయానికి చేర్చితే, వచ్చే సర్వసభ్య సమావేశం నాటికి తాలూకావారీ జాబితా ఒకటి తయారు చేయవచ్చు. రాసి పెట్టే పని నేను చేస్తాను.