రామకోటి పక్కన ఇంకో పుస్తకం

సాయంత్రం ఆరు. కింద సంపు దగ్గర వాచ్‌మన్ మోటారు స్విచ్ వేశాడు. మూడో అంతస్తులో ఉన్న మాకు ఆ చప్పుడు పెద్దగా తెలియదు. గోడలోని పైపుల్లో సన్నటి హోరు, అంతే. హాల్లో నేల మీద సీసా మూతలు వరసగా పేరుస్తున్న నా కొడుకు చేతులు మాత్రం ఆగిపోయాయి. అరచేతులు రెండూ చెవుల మీదికి వెళ్లాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ వెంటనే కేక. తల గోడకేసి కొట్టుకోబోతుంటే మధ్యలో నా అరచెయ్యి అడ్డం పెట్టాను. దెబ్బ నా వేళ్ల కణుపుల మీద పడుతోంది. పడనీ.

వాడికి ఏడేళ్లు. ఆటిజం. మాటలు ఇంకా రాలేదు.

కాలింగ్ బెల్ మోగింది. పక్క ఫ్లాటు పిన్నిగారు. "ఏమైందమ్మా, బాబు అలా ఏడుస్తున్నాడు? దిష్టి తీశావా?" ఆవిడ మనసు మంచిదే, ఆ గొంతులో ఉన్నది నిజమైన కంగారే. తీస్తానని చెప్పి తలుపు వేసేసరికి వాడి వీపు చెమటతో తడిసిపోయింది. దగ్గరకు తీసుకుంటే విదిలించుకుంటాడు. గట్టి దుప్పటి చుట్టి, దీపం ఆర్పి, కాస్త దూరంలో కూర్చుంటాను. చాలాసేపటికి ఊపిరి నెమ్మదిస్తుంది. పాకుతూ వచ్చి వాడి పాదం నా మోకాలికి ఆనిస్తాడు. వాడు 'అమ్మా' అని పిలవడం అదే.

రాత్రి పదిన్నర. ఇల్లు సద్దుమణిగింది. మా ఆయన వాడి పక్కనే పడుకున్నారు. భోజనాల బల్ల మీద అత్తయ్య ఒక పుస్తకం పెట్టి, దాని మీద ఎర్ర సిరా పెన్ను ఉంచారు. అట్ట మీద కోదండరాముడి పటం, లోపల పేజీ నిండా చిన్న చిన్న గళ్లు. రామకోటి పుస్తకం.

"రాయమ్మా," అన్నారు అత్తయ్య. "రాముడు వింటాడో లేదో తర్వాత సంగతి. ముందు నీ చెయ్యి వణుకు ఆగుతుంది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి గడి. శ్రీ రాయడానికి పెన్ను ఒక పెద్ద చుట్టు తిరగాలి. రా దీర్ఘం దగ్గర చెయ్యి కాస్త పైకి సాగుతుంది. మ దగ్గర కిందికి దిగి ఆగుతుంది. గడి నిండింది. ఇంకోటి. మొదటి వరసలో అక్షరాలు గడి దాటి బయటికి వస్తున్నాయి, సిరా కాగితం వెనక్కి దిగేంత గట్టిగా నొక్కుతున్నాను. మూడో వరసకొచ్చేసరికి నొక్కుడు తగ్గింది. పేజీ సగమయ్యేసరికి గడియారం చప్పుడు వినిపిస్తోంది. అంతవరకూ అది వినిపించనేలేదు.

తెలుగు ఇళ్లలో ఈ పుస్తకం కొత్తది కాదు. పెన్షను తీసుకున్న మాస్టార్లు, కొడుకులు దూరదేశాల్లో ఉన్న తల్లులు, ఆపరేషనుకు తేదీ పడినవాళ్లు రాస్తూనే ఉంటారు. కోటి అంటే చిన్న లెక్క కాదు. రోజుకు వెయ్యి చొప్పున ఒక్కరోజూ మానకుండా రాసినా పదివేల రోజులు, అంటే 27 ఏళ్లు దాటుతుంది. ఆ లెక్క నాకు ధైర్యం ఇచ్చింది. ఇవాళే తేలిపోవాలన్న తొందర అందులో లేదు. నా కొడుకు పెంపకమూ అలాంటి లెక్కే.

పొద్దున్నే థెరపీ. వెయిటింగ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు అక్షరమాల చార్టు, తలుపు అవతల నుంచి ఎవరి బిడ్డదో ఏడుపు. కుర్చీల్లో ఉన్న తల్లులం ఒకరి వంక ఒకరం చూసుకుంటాం. ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. ఒకావిడ టిఫిన్ డబ్బా మూత తీసి ఇడ్లీ ముక్క నా చేతిలో పెట్టింది. నేను పొద్దున ఏమీ తినలేదని ఆవిడకు ఎలా తెలిసిందో!

స్పెషల్ ఎడ్యుకేటర్ నా చేతికి ఒక మామూలు రూళ్ల నోటుబుక్కు ఇచ్చింది. "పేజీకి మూడు నిలువు గళ్లు గీయండి మేడమ్. ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. టైము తప్పకుండా వేయండి. మొండికేశాడు, పేచీ పెట్టాడు అని రాయకండి. కంటికి కనిపించింది మాత్రమే రాయండి."

ఆ రాత్రి నుంచి బల్ల మీద రెండు పుస్తకాలు. ఒకదానిలో ఎర్ర సిరాతో శ్రీరామ. రెండోదానిలో నీలం సిరాతో నా కొడుకు. "6.05. మూతలు పేరుస్తున్నాడు. చెవులు మూసుకున్నాడు. అరిచాడు." "5.40. బిస్కెట్ విరిగింది. ఏడవలేదు. రెండు ముక్కలూ కలిపి పెట్టి చూశాడు." కంటికి కనిపించింది మాత్రమే రాయాలంటే ముందు కళ్లారా చూడాలి. బిస్కెట్ ముక్కలు కలిపి పెట్టడం, వేలితో కిటికీ ఊచల నీడను వెంబడించడం, నేను తుమ్మితే ఉలిక్కిపడి తర్వాత నవ్వడం... ఇవన్నీ ఈ ఇంట్లో రోజూ జరుగుతున్నవే. ఇప్పుడు కాగితం మీదికి వస్తున్నాయి.

కొన్ని వారాల పేజీలు తిరగేస్తూ మా ఆయన వేలు పెట్టి చూపించారు. "చూడు. అరుపులన్నీ ఆరు దాటాకే. ఇదిగో, ఈ రెండు రోజులూ ఏమీ లేదు. ఈ రెండు రోజులూ సాయంత్రం కరెంటు లేదు కదా?"

కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు. మోటారు లేదు కాబట్టి ఆ హోరు లేదు. మనం గమనించనైనా గమనించని చప్పుడు కొందరు ఆటిజం పిల్లలకు చెవిలో గుచ్చినంత బాధ పెడుతుంది. మర్నాటి నుంచి మోటారు వేసే ముందు వాచ్‌మన్ నాకు మిస్డ్ కాల్ ఇస్తున్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వాణ్ని పైపులకు దూరంగా బాల్కనీలోకి తీసుకెళ్తున్నాను. అరుపులు పూర్తిగా పోలేదు గానీ చాలా తగ్గాయి. ఆ నీలం సిరా వాడికి మందు కాదు. వాడు నోటితో చెప్పలేని మాటను మాకు చదివి వినిపించింది, అంతే. అదే మాకు కొండంత అండ.

ఆ నోటుబుక్కు చివరి పేజీలు థెరపిస్టుకు చూపించను. అవి నావి. తలకిందులుగా తిప్పి వెనక నుంచి రాస్తాను. అక్కడ గళ్లు లేవు, కోపం ఉంది. ఒక స్కూలు వాళ్లు "మీవాడి వల్ల మిగతా పిల్లలకు ఇబ్బంది" అన్న రోజు అక్కడుంది. పెళ్లిలో భోజనాల దగ్గర జనం లేచి పక్క బంతికి వెళ్లిన పూట ఉంది. "నేను పోయాక వీడికెవరు?" అన్న ప్రశ్న ఎన్ని పేజీల్లో ఉందో! దేవుణ్ని కూడా వదల్లేదు.

ఒక రాత్రి అత్తయ్య మంచినీళ్లకు లేచి వచ్చి నా ముఖం చూశారు. "ఆయన్ని తిడుతున్నాను అత్తయ్యా," అన్నాను.

"తిట్టు. రామదాసు తిట్టలేదూ?"

నిజమే. భద్రాచలంలో గుడి కట్టించి రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్న, తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకుంటాం. ఆయన కీర్తనల్లో వేడుకోలు ఎంత ఉందో నిలదీయడం అంత ఉంది. చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి మరీ రాముణ్ని అడిగాడు. అయినా ఆయన్ని భక్తుడు కాదన్నవాళ్లు లేరు. మన సంప్రదాయంలో నిందాస్తుతికి ఒక పీట ఉంది. కోపం వచ్చినప్పుడు కూడా ఎవరితో మాట్లాడకుండా ఉండలేమో వాళ్లే మనవాళ్లు. ఆ రాత్రి నుంచి నా రెండు పుస్తకాల మధ్య గోడ లేదు.

ఇలా బాధను కాగితం మీద పెట్టడం గురించే అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక అధ్యయనం ప్రచురించాడు. విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున, తమ జీవితంలోని పెద్ద గాయం గురించి రాయించాడు. రాసిన వెంటనే వాళ్లకు దిగులు ఎక్కువైంది. జరిగిందీ, తమకు అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు మాత్రం తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరకు తక్కువసార్లు వెళ్లారు. కాబట్టి రాస్తూ ఏడుపొస్తే పెన్ను పక్కన పడేయకండి. అది మానుతున్న గాయం సలుపు కావచ్చు.

రాసిన ఒక తండ్రి సంగతి కూడా చెప్పాలి. 1943లో లియో కానర్ ఆటిజాన్ని వివరిస్తూ రాశాక చాలా ఏళ్లు, తల్లి ప్రేమ చాలకే బిడ్డ ఇలా అవుతాడనే మాట పాశ్చాత్య దేశాల్లో చదువుకున్నవాళ్ల నోటనే నలిగింది. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు కొడుక్కి ఆటిజం. ఆ మాటను ఆయన ఒప్పుకోలేదు. చదివి చదివి, 1964లో పుస్తకం రాసి, ఇది పుట్టుకతో శరీరంలో ఉన్న తేడా, తల్లి తప్పు కాదని వాదించాడు. శాస్త్రం ఆ తర్వాత ఆయన వైపే నిలిచింది. ఒక తండ్రి రాసిన పుస్తకం ఎందరో తల్లుల మీద పడ్డ నింద తుడిచింది.

రామకోటి పుస్తకం నిండింది. కోటి కాలేదు, ఒక పుస్తకం అయింది. అత్తయ్య రాసినవీ నేను రాసినదీ పసుపు గుడ్డలో మూటకట్టుకుని భద్రాచలం బయల్దేరాం. పాల్వంచ దాటాక పెద్దమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. సారపాక దాటగానే వంతెన. కింద గోదావరి కనిపించగానే నా కొడుకు బస్సు కిటికీకి ముక్కు ఆనించాడు. మేళాలు, గంటలు వాడు తట్టుకోలేడు. మా ఆయన వాణ్ని తీసుకుని స్నానఘట్టం వైపు వెళ్లారు. అత్తయ్యా నేనూ మెట్లెక్కాం.

గర్భగుడిలో ఎడమ తొడ మీద సీతమ్మను కూర్చోబెట్టుకున్న రాముడు, పక్కన లక్ష్మణుడు. ఎన్నేళ్లుగానో ఒకే కోరికతో ఇక్కడికి వచ్చేదాన్ని: వీడికి మాటలు రావాలి. ఇవాళ చేతులు జోడిస్తే నోట్లోకి వచ్చింది వేరే: వీడు చెప్పేది నాకు అర్థమవుతూ ఉండాలి. మాటల కోరిక పోలేదు, థెరపీ ఆపలేదు, ఆపను. కానీ నా విశ్వాసం ఇప్పుడు జరగబోయే అద్భుతం మీద లేదు. పాదం నా మోకాలికి ఆనించే ఈ బిడ్డ ఇప్పటికే నిండైనవాడని నమ్ముతున్నాను. ఆ నమ్మకం ప్రవచనం విని వచ్చింది కాదు, రోజూ రాసి రాసి వచ్చింది. ఎర్ర సిరా పుస్తకాలు గుళ్లో సమర్పించాం. నీలం సిరాది సంచిలోనే ఉంది. రేపు థెరపీకి కావాలి.

ఇలాంటి బిడ్డల తల్లులకూ తండ్రులకూ నా మాట ఒకటే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) తీసుకోండి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా గురించి అడగండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ తలుపు తట్టండి. నిద్ర పట్టక, బతకాలని లేక కుమిలిపోతుంటే డాక్టరును కలవండి, పెన్ను ఒక్కటే చాలదు. వీటన్నిటితో పాటు ఒక నోటుబుక్కు కొనండి. రామా అని రాస్తారో, అల్లా అని రాస్తారో, ప్రభువా అని రాస్తారో, ఏ పేరూ లేకుండా ఇవాళ బిడ్డ ఏం చేశాడో అదే రాస్తారో మీ ఇష్టం. తేదీ వేసి రాయండి. ఈ రాత్రే మొదలుపెట్టండి.

మిగతావారికి ఒక విన్నపం. బస్సులోనో పెళ్లిలోనో ఒక బిడ్డ చెవులు మూసుకుని అరుస్తుంటే ఆ తల్లికి సలహా ఇవ్వకండి. కాస్త చోటివ్వండి, చాలు.