మంచుచరియలను చూచినవారు

ధనుర్మాసపు వేకువను మన పొలములపై పరచుకొను తెల్లని తెరను మనము మంచు అందుము. ఆల్ప్స్ పర్వతవాసుల మంచు వేరు. అది కొండవాలుపై పొరలు పొరలుగా పేరుకొని, ఒకనాడు ఎవరి అడుగును సోకకయే తెగి లోయలోనికి దూకును. పొడిమంచు చరియ గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగమును అందుకొనగలదు.

ఏ వాగు వెంబడి చరియ దిగునో పల్లెల పెద్దలకు వంశపరంపరగా తెలిసియుండెను. స్విట్జర్లాండులోని ఆండెర్‌మాట్ గ్రామస్థులు తమ ఊరిపైని అడవిని నరకరాదని 1397లోనే కట్టడి వ్రాసికొనిరి. అయితే ఈ ఎరుక ఏ ఊరికి ఆ ఊరిదే. దానిని దేశమంతటికిని పటములుగా, లెక్కలుగా కూర్చినవాడు అటవీ అధికారి యోహాన్ కోఆజ్. 1850లో బెర్నీనా శిఖరమును తొలిసారి ఎక్కినవారిలో ఒకడైన ఈతడు 1881లో స్విస్ మంచుచరియలపై గ్రంథము ప్రకటించెను.

ఇంతలో నార్వేనుండి స్కీలు వచ్చినవి. పాదములకు కట్టుకొని మంచుపై జారిపోవు ఈ పొడవాటి పలకలు కథను మార్చివేసినవి. అంతవరకు చరియయే మనిషికడకు దిగివచ్చెడిది. ఇప్పుడు మనిషియే దానికడకు పోసాగెను. ఆస్ట్రియాలో స్కీ విద్యకు ఆదిగురువనదగిన మథియాస్ జ్దార్‌స్కీ 1916 ఫిబ్రవరిలో చరియపాలైన సైనికులను రక్షింపబోయి తానే మరియొక చరియక్రింద చిక్కెను. ఒంటిలో సుమారు 80 చోట్ల ఎముకలు విరిగినను బ్రతికెను. పట్టుదలతో మరల నడక నేర్చి, 1940వరకు జీవించెను. మంచును అంతగా ఎరిగినవానికే ఇట్లు జరిగినదన్నమాట!

పైపై చూపు చాలదని గ్రహించి, దావోస్ పట్టణముపైని వైస్‌ఫ్లూయోఖ్‌లో 1936 ప్రాంతమున కొందరు శాస్త్రజ్ఞులు మంచులో గోతులు త్రవ్వి పొరలను పరీక్షింపసాగిరి. పలుచని మంచు తీవ్రమైన చలికి లోలోపల చక్కెరరవ్వవలె విడివిడి పలుకులగును. దానిపై గట్టిపొర పలకవలె నిలుచును. క్రింది పలుకులు కుదురు తప్పినచో పైపలక అంతయు ఒక్కసారిగా తెగును. కనుక ఎదుటి కొండపై చరియ తనంతట తాను జారుట చూచిన స్కీయాత్రికుడు, ఆ అద్భుతమునకు మురిసి నిలువక, తాను నిలిచిన వాలును గమనింపవలెను. అదే దిక్కు, అదే నిటారు, అదే మంచు అయినచో అక్కడ తెగినది ఇక్కడను తెగవచ్చును. అంతకన్న స్పష్టమైన హెచ్చరిక వేరొకటి లేదు.

1945నుండి ఈ సంస్థ ప్రకటించిన హెచ్చరికలు పత్రికలద్వారా, రేడియోద్వారా ఇంటింటికి చేరినవి. అయినను 1950-51 శీతకాలమున స్విట్జర్లాండులో 98 మంది చరియలకు బలియైరి. అడవిని అయిదున్నర శతాబ్దములు కాపాడుకొన్న ఆండెర్‌మాట్ కూడ ఆ జనవరిలో దెబ్బతినెను. తరువాత వాలులపై అడ్డుకట్టలు విరివిగా లేచినవి; పల్లెలకు రక్షణ పెరిగినది.

కొండపై తిరుగువానికి మాత్రము అట్టి గోడ లేదు. నేటికిని స్కీయాత్రికులను కప్పివేయు చరియలలో పెక్కింటిని వారో, వారి తోడివారో తమ బరువుతోనే కదల్చుచున్నారు. పూడినవానిని పది నిమిషములలో వెలికి తీసినచో సాధారణముగా బ్రతుకును. ఆపైన ఆశ వేగముగా సన్నగిల్లును. అందుచేతనే స్విస్ పరిశీలకులు శీతకాలమంతయు వాలులను చూచి, ఎక్కడెక్కడ క్రొత్త చరియలు పడినవో దావోస్‌కు తెలుపుచున్నారు.