గోపుని పుస్తకము, గృహస్థుని గోప్యము

కౌటిలీయార్థశాస్త్రమున ద్వితీయాధికరణమునందు సమాహర్త క్రింద గోపుఁడను నుద్యోగి చెప్పఁబడినాఁడు. ఐదు గాని పది గాని గ్రామములు వీని యధీనములు. పొలముల యెల్లలే కాక ఇంటింటఁ గల స్త్రీపురుషులు, బాలవృద్ధులు, వారి వృత్తి, నడవడి, ఆదాయము, వ్యయము వీఁడు వ్రాసికొనవలెను. నగరమునందలి గోపుఁడు కుటుంబములవారి జాతిగోత్రనామములు సైతము తెలిసికొనియుండవలెను. ఈ లెక్క నిజమగునో కాదో యని గృహస్థవేషధారులగు చారులు మరలఁ బరిశీలింతురు. (గోపశబ్దమును గోపూర్వకమగు పాధాతువునుండి సాధించుట వాడుక; గోపనార్థకమగు గుప్ధాతువు వేఱు. ఈ యుద్యోగి పనియు దాఁచుట కాదు, వెలికిఁ దీయుట.) అక్షపటలమున నుంచిన పుస్తకములను బ్రజ చూడవచ్చునను విధి యా గ్రంథమున లేదు. గృహస్థుని గుట్టు రాజునకుఁ దెలియును. రాజు లెక్క గృహస్థునకుఁ దెలియదు.

1948 నాఁటి జనాభాలెక్కల చట్టము వేఱుమార్గము త్రొక్కినది. దాని 15వ విభాగము ననుసరించి గణకుఁడు వ్రాసిన పుస్తకమును జూచు హక్కు ఎవ్వరికిని లేదు. అందలి వ్రాఁత సివిలు వ్యవహారములలో సాక్ష్యముగాఁ జెల్లదు. ఇంటివారు నిజము చెప్పుట కిట్టి యభయ మవసరమే. కాని యీ న్యాయమునే సర్కారు కవిలెలన్నింటికిని వర్తింపఁజేసినచో నుద్యోగుల తప్పులును ఇంటివారి రహస్యములతోడనే దాఁగును.

కావుననే 2005 నాఁటి సమాచారపు హక్కు చట్టము 8(1)(జె) యందు వ్యక్తిగతసమాచారమునకు విశేషణములు చేర్చెను. ప్రజాకార్యముతో సంబంధము లేనిది, లేదా వ్యక్తి యేకాంతమును అకారణముగా భంగపఱచునది మాత్రమే నిరాకరింపఁదగినది. అదియు నధికతరలోకహితము కోరినచో నీయవలసినదే. 2017లో సుప్రీముకోర్టు తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాంతమును బ్రాథమికపు హక్కుగా నంగీకరించెను. 2023 నాఁటి డిజిటలు వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టపు 44వ విభాగము పై విశేషణములను దొలఁగించినది. 2025 నవంబరున నీ మార్పు అమలునకు వచ్చెను. విశేషణము పోయినచో విశేష్యము వ్యాపించుట శాబ్దికు లెఱిఁగినదే. హానికంటె లోకహితము మించినచో నీయవచ్చునను 8(2) మిగిలియున్నది గాని, అది యధికారి వివేకమునకు వదలిన వచనము.

ఈ భేదము పల్లెలలోఁ దెలియును. ఆంధ్రప్రదేశమున 2006లో మొదలైన ఉపాధి హామీ పథకపు సామాజిక తనిఖీలలో మస్టరునందలి పేర్లు, పనిదినములు, కూలి యూరివారి యెదుట సరిచూచిరి. పనికి రానివాని పేరఁ గాని చనిపోయినవాని పేరఁ గాని కూలి వ్రాసియున్నచోఁ బట్టఁగలవా రా యూరివారే. పేరును గూలిని వ్యక్తిగతమని తీసివేసినచో మస్టరున మిగులునది మొత్తపు టంకెయే. కూలివాని వ్యాధియు బ్యాంకు ఖాతా సంఖ్యయు సభలోఁ జదువఁ బనిలేదు. అవి లేకయే తనిఖీ నడచును.