గోల్ఫ్ ఆడగలరా అని మా పెదనాన్నని అడిగారు

ఈసారి ఎపిసోడ్ మా ఇంటి అరుగు మీద నుంచే మొదలుపెడతాను. మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలం. బండి తీస్తే కాసేపట్లో పలాస. ఆమధ్య ఏదో ఆరోగ్య సర్వే అని ఇద్దరు కుర్రాళ్లు కాగితాలు పట్టుకుని మా పెదనాన్న దగ్గరికి వచ్చారు. ఆయనకి పదిహేనేళ్లుగా సుగరు. నాలుగేళ్ల కిందట కిడ్నీలు కూడా పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు.

కుర్రాడు కాగితం చూసి చదువుతున్నాడు. బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ తోయడం, గోల్ఫ్ ఆడటం లాంటి పనులు చేయడానికి మీ ఆరోగ్యం అడ్డొస్తోందా? పెదనాన్న నా వంక చూసి, "గోల్ఫంటే ఏటిరా?" అన్నాడు. నేను చెప్పాను. "అదెప్పుడూ ఆడనేదు కదా, నాకేటి అడ్డు?" అన్నాడు. అందరం నవ్వాం. కుర్రాడు కూడా నవ్వేసి "ఇబ్బంది లేదు" అన్న చోట టిక్ పెట్టాడు.

అంతే. కొబ్బరిచెట్టెక్కి పాతికేళ్లు కాయలు దింపిన మనిషి, ఇప్పుడు మంచం మీంచి లేచి బావి దాకా వెళ్లాలంటే రెండుసార్లు ఆగే మనిషి, ఆ కాగితం లెక్కలో బాగానే ఉన్నాడు. ఈ ప్రశ్న ఎవరు రాశారు, ఉద్దానం దాకా ఎలా వచ్చింది అని తవ్వుకుంటూ పోయాను. చాలా పెద్ద కథే దొరికింది.

మొదట సుగరు సంగతి. 1922కి ముందు చిన్నపిల్లలకి ఈ జబ్బు వస్తే "ఎలా బతుకుతాడు" అనే ప్రశ్నే లేదు, "ఎన్నాళ్లు బతుకుతాడు" అన్నదొక్కటే. తిండి మాన్పించి, ఎండగట్టి, ఇంకొన్నాళ్లు లాగేవాళ్లు. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి ఇన్సులిన్ ఎక్కించారు. అక్కడి నుంచి సుగరు చంపే జబ్బు కాస్తా మోసే జబ్బు అయింది. రోజూ సూది, రోజూ తిండి లెక్క, ముసలితనం దాకా.

మోయాలంటే కొలవాలి కదా. ఇక్కడ మనవాడొకడు వస్తాడు. హార్వర్డ్‌లో ఆటో ఫోలిన్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. మాక్స్ యాఫే 1886లో కనిపెట్టిన ఒక రంగు చర్యని పట్టుకుని, 1904లో మూత్రంలో క్రియాటినిన్ కొలిచే పద్ధతి తెచ్చింది ఆయనే. 1920 ప్రాంతంలో హ్సియెన్ వు అనే చైనా శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో చక్కెర కొలిచే పద్ధతి కూడా ఇచ్చాడు. అదే డిపార్ట్‌మెంట్‌కి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చేరాడు. ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించాడు. మా పెదనాన్న ల్యాబ్ రిపోర్టు తీసి చూడండి: సుగరు, క్రియాటినిన్, ఫాస్ఫరస్. మూడింటి వెనకా ఆ ఒక్క డిపార్ట్‌మెంట్ ఉంది. ఇప్పుడు మెషీన్లు మారాయి, పద్ధతులూ మారాయి, అది వేరే సంగతి.

రక్తాన్ని కొలిచారు సరే, మనిషిని?

1948. ఆ ఏడు మూడు సంగతులు జరిగాయి. సుబ్బారావు చనిపోయాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, అందులో ఆరోగ్యం అంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, ఒంటికి, మనసుకి, నలుగురితో బతకడానికి అంతా బావుండటం అని రాసుకున్నారు. మూడోది, అమెరికాలో డేవిడ్ కార్నాఫ్స్కీ అనే క్యాన్సర్ డాక్టరు, ఆయన తోటివాళ్లు కలిసి ఒక స్కేలు పెట్టారు. 100 అంటే మామూలుగా ఉన్నాడు, 0 అంటే చనిపోయాడు, మధ్యలో పదేసి మెట్లు. తన పని తను చేసుకోగలడా, ఇంకొకరి సాయం కావాలా, మంచానికే పరిమితమా. మంచి ఆలోచనే. కానీ మార్కులు వేసేది డాక్టరు. పేషెంటుని ఎవరూ అడగరు.

పేషెంటుని అడగాల్సిన అవసరం సుగరు జబ్బులో గట్టిగా వచ్చింది. 1983లో అమెరికా, కెనడాల్లో డీసీసీటీ అనే పెద్ద పరిశోధన మొదలైంది. 13 నుంచి 39 ఏళ్ల వాళ్లు 1,441 మంది, అందరికీ టైప్ 1. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి రోజుకి మూడు అంతకంటే ఎక్కువ సూదులు లేదా పంపు, వేలికి పదేపదే గుచ్చి చూసుకోవడం. సుగరుని కట్టేసి ఉంచితే కళ్లు, కిడ్నీలు నిలబడతాయా అన్నది ప్రశ్న. అయితే డాక్టర్లకి ఇంకో భయం పట్టుకుంది. ఇంత కట్టడిలో ఈ కుర్రాళ్లకి బతుకు మీద విసుగు పుడితే? కళ్లు కాపాడి మనిషిని చెడగొడితే?

అందుకే ఈ పరిశోధన కోసమే డీక్యూఓఎల్ అని ఒక ప్రశ్నల కాగితం తయారుచేసి 1988లో ప్రచురించారు. 46 ప్రశ్నలు. వైద్యంతో తృప్తిగా ఉన్నావా, జబ్బు నీ రోజుని ఎంత తినేస్తోంది, రేపటి గురించి ఏం దిగులు. పెళ్లి అవుతుందా, ఉద్యోగం ఇస్తారా, ఇన్సూరెన్స్ ఇస్తారా, ఇలాంటివి కూడా అడిగారు. ఒక జబ్బు గురించి రాసిన కాగితంలో పెళ్లి గురించి అడగడం నాకు భలే నచ్చింది. ఉద్దానంలో సంబంధాలు చూసేటప్పుడు "వాళ్లింట్లో కిడ్నీ ఎవరికైనా ఉందా" అని వాకబు చేస్తారు, ఆ దిగులు ఏంటో మాకు తెలుసు.

1993లో ఫలితాలొచ్చాయి. గట్టిగా కట్టడి చేసినవాళ్లలో కంటి జబ్బు మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది. సుగరు ఒక్కసారిగా పడిపోయి ఇంకొకరి సాయం కావాల్సి రావడం మాత్రం మూడు రెట్లయింది. మరి బతుకు నాణ్యత? రెండు గుంపులకీ తేడా కనిపించలేదు. "ఇన్ని సూదులు పొడిస్తే పేషెంట్లు తట్టుకోలేరు" అన్న వాదనకి జవాబు పేషెంట్ల నోటి నుంచే వచ్చింది.

ఇక మా గోల్ఫ్ దగ్గరికి వద్దాం. 1980ల చివర్లో బోస్టన్, షికాగో, లాస్ ఏంజిలస్ ఊళ్ల పేషెంట్ల మీద జరిగిన పరిశోధన నుంచి 1992లో ఎస్‌ఎఫ్-36 వచ్చింది. ఏ జబ్బుకైనా పనికొచ్చే 36 ప్రశ్నలు. గోల్ఫ్, వాక్యూమ్ క్లీనర్ అందులోవే. ఆ ఊళ్లలో అవి మామూలు పనులు, రాసినవాళ్ల తప్పేం లేదు. 1994లో కిడ్నీ జబ్బు వాళ్ల కోసం దానికి ఇంకొన్ని ప్రశ్నలు కలిపి కేడీక్యూఓఎల్ చేశారు. నీళ్లు తక్కువ తాగాల్సి రావడం ఎంత బాధపెడుతోంది, తిండి కట్టుబాట్లు, ప్రయాణాలు, ఇంకొకరి మీద ఆధారపడటం. ఈ ప్రశ్నలు మాత్రం ఉద్దానంలో ఎవర్ని అడిగినా గంట మాట్లాడతారు.

ఎందుకంటే ఉద్దానం అంటేనే కొబ్బరి, జీడి, పనస. డయాలసిస్ మనిషికి కొబ్బరి బొండాం వద్దంటారు, పొటాషియం. జీడిపప్పు వద్దంటారు, ఫాస్ఫరస్. పనస తొనలు సుగరుకీ పడవు, కిడ్నీకీ పడవు. పలాస జీడిపప్పు దేశమంతా తింటోంది, మా పెదనాన్న మాత్రం సొంత తోటలో కూచుని ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి ఆ తోటలో సగం చెట్లు పడేసింది. ఆ రాత్రి నుంచి ఆయన మాట తగ్గింది. దానికి ఏ కాగితంలోనూ గడి లేదు.

ఒక ప్రశ్నల కాగితాన్ని తెలుగులోకి మారిస్తే సరిపోదు, ఊళ్లోకి మార్చాలి. ఇది నా ఒక్కడి మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లో డబ్ల్యూహెచ్‌ఓ-కోల్ తయారుచేసినప్పుడు ఒక దేశంలో రాసి అందరికీ పంచకుండా, చాలా దేశాల్లో ఒకేసారి ప్రశ్నలు రాబట్టింది. మన దేశంలో ఢిల్లీ, చెన్నై కేంద్రాలు అందులో ఉన్నాయి. 2010లో మన దేశపు సుగరు పేషెంట్ల కోసమే కోలిడ్ అని 34 ప్రశ్నలది వచ్చింది. మందుల ఖర్చు గురించి, ఇష్టమైనవి తినలేకపోవడం గురించి విడిగా అడుగుతుంది. ఇంట్లో ఒక్కడి మందులకి ఎంత పోతోందో అడగకుండా మన దగ్గర బతుకు కొలవడం కుదరదు మరి.

ఉద్దానంలో అసలు వింత ఏంటంటే, మిగతా ప్రపంచంలో కిడ్నీలు పోవడానికి పెద్ద కారణం సుగరు. ఇక్కడ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి సుగరూ లేదు, బీపీ కూడా లేదు. 2019, 2020ల్లో ప్రచురించిన సర్వేలు చూస్తే పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరికి కిడ్నీ దెబ్బతింది. నీళ్లు, ఎండ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశం, అన్నింటి మీదా అనుమానం ఉంది, ఏదీ తేలలేదు. 2019 నుంచి డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పింఛను వస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఒకప్పుడు విశాఖ రైలెక్కి వెళ్లేవాళ్లకి ఇది చిన్న మార్పు కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జబ్బుతో ఏళ్లు గడిచేకొద్దీ మనిషి తన కొలబద్దనే మార్చుకుంటాడు. పోయినేడాది "బాగోలేదు" అన్న ఒంటికే ఈ ఏడాది "బాగానే ఉంది" అంటాడు. పరిశోధకులు దీన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు, 1999 నుంచి దీని మీద చాలా రాశారు. మా పెద్దమ్మ అయితే, "మీ ముందు అలాగే అంటాడులే, రాత్రి నిద్ర పోతే కదా" అంటుంది.

సర్వేవాళ్లు వెళ్లిపోయాక నేను పెదనాన్న పక్కన కూచుని ఆ గోల్ఫ్ ప్రశ్నని మళ్లీ అడిగాను.

"పెదనాన్నా, మన దొడ్లో పనసకాయ దింపి ఇంట్లోకి తేగలవా?"

ఆయన చెట్టు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"దింపనేను గానీ, ఏది ముగ్గిందో సెప్పగలన్రా. నువ్వు ఎక్కు."