సూరత్ చీరల బేలు, 12 అంకెల నంబరు: లైవ్ డేటాబేస్‌తో వెబ్‌సైట్ ఎలా మాట్లాడుతుంది?

సూరత్ రింగ్‌రోడ్డు మార్కెట్ నుంచి పాలిస్టర్ చీరల బేళ్లు హైదరాబాద్‌కో, విజయవాడ వస్త్రలతకో బయల్దేరాలంటే సరుకు, లారీ సిద్ధంగా ఉంటే చాలదు. విలువ 50 వేల రూపాయలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. గుమస్తా ఇన్వాయిస్ వివరాలు నింపి బటన్ నొక్కితే 12 అంకెల నంబరు వస్తుంది. అది లేకుండా లారీ దారిలో పట్టుబడితే, యజమాని ముందుకొచ్చినా పన్నుకు రెట్టింపు జరిమానా కట్టాలి.

ఈ విధానం తప్పనిసరి అయిన మొదటి రోజే, 2018 ఫిబ్రవరి 1న, పోర్టల్ మొరాయించింది. సాంకేతిక ఇబ్బందుల కారణంగా కేంద్రం అమలును వాయిదా వేసింది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ రూపొందించిన ఆ పోర్టల్‌తో అంతర్రాష్ట్ర రవాణాకు ఏప్రిల్ 1న మళ్లీ అమలు మొదలైంది. రాష్ట్రం లోపలి రవాణాకు ఏప్రిల్ 15న చేరిన ఐదు రాష్ట్రాల్లో గుజరాత్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ ఉన్నాయి.

వెబ్‌పేజీని డేటాబేస్‌కు కలపడం నిజానికి కొన్ని లైన్ల పని. వేలమంది ఒకేసారి బటన్ నొక్కినప్పుడు ఆ కలయిక నిలబడటమే కష్టం.

గుమస్తా బ్రౌజర్ డేటాబేస్‌ను నేరుగా తాకదు, తాకకూడదు కూడా. మధ్యలో ఒక సర్వర్ ఉంటుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ అక్కడే ఉంటుంది. ప్రతి అభ్యర్థనకూ కొత్త కనెక్షన్ తెరిస్తే, గుర్తింపు తనిఖీకి, మెమరీకి ప్రతిసారీ ఖర్చవుతుంది. అందుకే సర్వర్ కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి పెట్టుకుని, అడిగినవారికి ఇచ్చి, పని కాగానే వెనక్కి తీసుకుంటుంది. దీన్నే కనెక్షన్ పూల్ అంటారు. బ్యాంకులో కౌంటర్లలాంటిదే. కౌంటర్లన్నీ నిండితే వెనక క్యూ పెరుగుతుంది. పేజీ తిరుగుతూనే ఉంటే గుమస్తా ఓపిక పట్టడు, మళ్లీ నొక్కుతాడు. క్యూ రెట్టింపవుతుంది. కౌంటర్లు ఇష్టమొచ్చినన్ని పెంచినా లాభం లేదు, లోపల డేటాబేస్ ఉక్కిరిబిక్కిరవుతుంది.

రెండోసారి నొక్కడంతో ఇంకో చిక్కుంది: ఒకే ఇన్వాయిస్‌కు రెండు బిల్లులు పుట్టవచ్చు. ఈ పని పేజీకి వదిలేయకుండా డేటాబేస్‌లోనే నియమం పెట్టాలి. అమ్మకందారు, పత్రం నంబరు కలిసిన జత రెండోసారి వస్తే తిరస్కరించాలి. ఒక ఇన్వాయిస్‌కు ఒకటే బిల్లు అన్న అడ్డుకట్ట ఈ-వే పోర్టల్‌లో 2019లో వచ్చింది.

రిలేషనల్ డేటాబేస్ బలం పట్టికల మధ్య బంధంలో ఉంది. 15 అక్షరాల జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: గుజరాత్‌కు 24, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ నంబరు ఆధారంగా వ్యాపారి పేరు, చిరునామా వేరే పట్టిక నుంచి తీసుకోవచ్చు. ప్రతి బిల్లులోనూ మళ్లీ రాయనక్కర్లేదు. అయితే ఫారంలో టైపు చేసిన మాటను యథాతథంగా ప్రశ్నలో అతికించడం ప్రమాదం. దురుద్దేశంతో రాసిన ముక్క ప్రశ్న అర్థాన్నే మార్చేయగలదు. ప్రశ్నను ముందే సిద్ధం చేసి, విలువలను విడిగా పంపాలి. ఇంత పాత పాఠం ఇప్పటికీ ఎన్నో చిన్న సైట్లకు ఎక్కలేదు.

బిల్లు వరస, సరుకుల వరసలు, వాహనం వరస అన్నీ పడాలి, లేదా ఏదీ పడకూడదు. దీన్ని ట్రాన్సాక్షన్ అంటారు. మధ్యలో సర్వర్ ఆగితే సగం బిల్లు మిగలదు.

భారం తగ్గించడానికి, చదివే పనులను డేటాబేస్ నకలుకు మళ్లించడం మామూలే. కానీ నకలు కొన్ని క్షణాలు వెనకబడవచ్చు. అప్పుడే పుట్టిన బిల్లు కోసం తనిఖీ అధికారి వెతికితే ‘లేదు’ అని వస్తుంది. జరిమానా ముడిపడ్డ చోట అలాంటి ప్రశ్న అసలు డేటాబేస్‌కే వెళ్లాలి.

నంబరు రాగానే కథ ముగియదు. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన, 900 కిలోమీటర్లు దాటిన హైదరాబాద్ ప్రయాణానికి ఐదు రోజుల గడువుంటుంది. దారిలో లారీ చెడిపోతే కొత్త వాహనం నంబరు చేర్చాలి. గడువు ముగియడానికి 8 గంటల ముందు గానీ, ముగిశాక 8 గంటల్లోపు గానీ పొడిగింపు కోరవచ్చు. ప్రతిసారీ అదే బిల్లు రికార్డును మళ్లీ తెరవాలి. అర్ధరాత్రి హైవే పక్కన ఫోన్ పట్టుకున్న ట్రాన్స్‌పోర్టర్‌కు కూడా అది తెరుచుకోవాలి.