ఊట నీరు గూడేనికి దిగిన కథ

గుమ్మలక్ష్మీపురం నుంచి ఏ కొండదారి పట్టినా ఎక్కడో ఒకచోట గెడ్డ దాటక తప్పదు. వట్టిగెడ్డ లాంటి గెడ్డలు ఈ చుట్టుపక్కల కొండల్లోంచే దిగి నాగావళిలో కలుస్తాయి. ఇంత నీరున్న చోట కూడా సవర, జాతాపు గూడేల ఆడవాళ్లు బిందెలు పట్టుకుని గెడ్డ దాకా దిగడం, నిండు బిందెతో మళ్లీ ఎక్కడం తరతరాలుగా సాగింది. బోరు లారీ ఎక్కలేని గూడేలు చాలానే ఉన్నాయి. మోటారు ఉన్నచోట కూడా గాలివానకు లైను తెగితే నీళ్లుండవు.

అయితే కొండకు ఎత్తుంది, నీటికి బరువుంది. ఊట పైన, ఊరు కింద ఉన్నచోట పైపు ఒక్కటి వేస్తే చాలు, కరెంటు అక్కర్లేదు. పది మీటర్ల ఎత్తు తేడాకు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. ఈ సంగతి ఇంజనీర్లకు ఎప్పటినుంచో తెలుసు. వేసిన పైపును ఎవరు కాపాడుకోవాలన్నదే చాలాకాలం తేలలేదు.

దానికి గట్టి జవాబు ఆఫ్రికాలోని మలావీ నుంచి వచ్చింది. 1968లో చింగాలే అనే చోట లిండ్సే రాబర్ట్‌సన్ అనే ఇంజనీరు కొండవాగు నీటిని పైపుల్లో ఊళ్లకు దించే పని మొదలుపెట్టాడు. పైపులు ప్రభుత్వానివి, కందకాలు తవ్విన చేతులు ఊరివాళ్లవి. ఏ ఊరు ఎంత దూరం తవ్వాలో కమిటీలు కూర్చుని తేల్చుకున్నాయి. తాము తవ్విన గొయ్యిలో, తాము పరిచిన పైపు కాబట్టి చిన్న చిన్న మరమ్మతులూ వాళ్లే చేసుకున్నారు. అదే దేశంలోని ములాంజె కొండల కింద ఈ పద్ధతి పెద్ద ఎత్తున సాగింది.

ఇక నీటి శుభ్రత. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్‌లో థేమ్స్ నీటిని ఇసుక గుండా నెమ్మదిగా వడకట్టాడు. కొన్ని వారాలు నీరు పారాక ఇసుక పైన పలచని జిగురు పొర కడుతుంది. అందులోని సూక్ష్మజీవులు రోగక్రిములను తినేస్తాయి. ఈ వడపోత విలువ 1892లో లోకానికి తెలిసింది. హాంబర్గ్ నగరంలో కలరాతో 8 వేల మందికి పైగా చనిపోతే, అదే ఎల్బే నదిలో ఇంకా దిగువ నీటిని ఇసుకలో వడకట్టి తాగిన పక్క ఊరు ఆల్టోనా చాలావరకు బతికి బయటపడింది. నీటి వేగం తగ్గినప్పుడు పైపొరను ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన గీకి తీసేస్తే వడపోత మళ్లీ పనిలోకి వస్తుంది. పార పట్టగలిగిన ఎవరైనా చేయగల పని అది.

తూర్పు కనుమల మన్యంలో ఊట, ఇసుక వడపోత, వాలు పైపు మూడింటినీ కలిపి గూడేలకు తెచ్చిన సంస్థల్లో నర్సీపట్నం కేంద్రంగా పనిచేసే విశాఖ జిల్లా నవ నిర్మాణ సమితి ఒకటి. ముందు ఊటను కొలుస్తారు. 20 లీటర్ల బకెట్టు 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు, రోజుకు 43,200 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి 55 లీటర్లనుకుంటే 785 మందికి సరిపోతుంది. మే నెలలో అదే బకెట్టు నిండడానికి 200 సెకన్లు పడితే? 157 మందికే. అందుకే కొలిస్తే ఎండల్లోనే కొలవాలి. తర్వాత ఊట కన్ను చుట్టూ రాళ్లు, కంకర పేర్చి, సిమెంటు తొట్టె కట్టి మూత వేస్తారు. మూత లేకపోతే మొదటి వానకే ఆకులూ పశువుల పేడా అందులోకి చేరతాయి.

ఇంత చేసినా కొన్నిచోట్ల ఊట సన్నబడిపోయింది. కారణం కొండ పైన ఉంది. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉండే ఖొండలైటు రాయి పైపొర మెత్తబడి వాన నీటిని పీల్చుకుంటుంది. కింద గట్టి రాయి అడ్డుపడగానే ఆ నీరు వాలున ఊటై బయటికొస్తుంది. పైన చెట్టు పోయి, మట్టి కొట్టుకుపోతే పీల్చుకునేది ఏముంటుంది? సిక్కిం ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన ధారా వికాస్ పథకం ఈ చిక్కునే పట్టుకుంది. ఏ వాలులో ఇంకిన నీరు ఏ ఊటకు చేరుతుందో భూగర్భ నిపుణులు గుర్తించారు, ఊరివాళ్లు అక్కడ కందకాలు తవ్వి వాన నీటిని ఇంకించారు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో పెద్ద ఆవిష్కరణ ఇదే. పైపు కన్నా, వడపోత కన్నా ఇదే ముఖ్యం. ఏ వాలు నరకకూడదో, పశువులను ఎక్కడ తోలకూడదో ఆ కొండ మీద బతికేవాళ్లు కలిసి ఒప్పుకుంటే తప్ప ఊట నిలవదు. వాళ్ల తరఫున ఏ ఇంజనీరూ ఆ మాట ఇవ్వలేడు.

చట్టం కూడా వాళ్ల వైపే ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. 2006 అటవీ హక్కుల చట్టంలోని 5వ సెక్షన్ పరీవాహక ప్రాంతాలనూ నీటి వనరులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. గుమ్మలక్ష్మీపురం కొండల్లోని ప్రతి గ్రామసభా వచ్చే మే నెలలో తన ఊటను కొలిచి, ఆ అంకె బడి గోడ మీద రాయాలి. ఊట పైవాలున కందకాలు తవ్వాలని తీర్మానం చేసి పంచాయతీ చేతిలో పెట్టాలి.